భయం ఎప్పుడు జబ్బు అవుతుంది?

1979 జూలై నెల. ఆకాశం నుండి ఒక పెద్ద ఇనుప కొంప ఊడి మన నెత్తిన పడబోతోందని దేశమంతటా గగ్గోలు పుట్టింది. దాని పేరు స్కైలాబ్. అమెరికా వాళ్ళు 1973 మే నెలలో అంతరిక్షంలోకి పంపిన ప్రయోగశాల అది. బరువు 70 టన్నులకు పైమాటే. అది సరిగ్గా ఎక్కడ కూలుతుందో శాస్త్రజ్ఞులు కూడా ముందుగా చెప్పలేకపోయారు. ఇంకేముంది! మన తెలుగు పల్లెల్లో ఎంతోమంది ఇక ఇదే ఆఖరనుకున్నారు. చచ్చిపోయేవాళ్ళకు ఇవెందుకని కోళ్ళనూ మేకలనూ కోసుకుని తిన్నవాళ్ళున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి, ఆ కథలు నవ్వుతూ చెబుతారు.

జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీద ముక్కలు చెక్కలైంది. కొన్ని శకలాలు ఆస్ట్రేలియా పడమటి భాగంలో రాలాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ కబురు తెలియగానే జనం ఊపిరి పీల్చుకున్నారు. మరునాడు ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అందరూ భయపడ్డారు. ఆ భయానికి ఒక కారణం ఉంది. కారణం తొలగిపోగానే భయమూ పోయింది. అది మామూలు భయం.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకోండి. స్కైలాబ్ కూలిపోయిందని అతనికి తెలుసు. అయినా నెల గడిచినా, ఏడాది గడిచినా ఆరుబయట నిలబడలేడు. ఆకాశం వంక చూస్తే గుండె దడదడలాడుతుంది. పనికి పోవడం మానేశాడు. "నా భయం అర్థం లేనిదని నాకే తెలుసు, కాని ఆపుకోలేను" అంటాడు. ఇది వేరే సంగతి. ఇలాంటి వాటిని వైద్యులు ఆందోళన రుగ్మతలు అంటారు. జలుబు, మలేరియా లాగానే ఇవి కూడా జబ్బులే. వీటికి పేర్లున్నాయి, లక్షణాలున్నాయి, చికిత్సలున్నాయి. ఈ నెల వాటిని గూర్చి తెలుసుకుందాం.

భయం మనకు మేలు చేస్తుందా?

మీరు సాయంకాలం పొలం గట్టు మీద నడిచి వస్తున్నారనుకోండి. కాలి ముందు ఏదో సరసరమని కదిలింది. పాము! మీరు ఆలోచించేలోగానే వెనక్కు దూకేశారు. ఆ తర్వాత చూస్తే అది తాడు ముక్క కావచ్చు. కాని ముందు దూకడం, తర్వాత ఆలోచించడం. ఎందుకలా?

మన మెదడు లోపల, కణతల వెనుక వైపున, బాదం గింజంత ఉండే భాగాలు రెండున్నాయి. వాటిని అమిగ్డలా అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు బాదం అనే అర్థం. ఇవి కావలివాళ్ళ వంటివి. ప్రమాదమని తోచగానే హైపోథలామస్ అనే భాగానికి కబురు పంపుతాయి. అక్కడి నుండి సహానుభూత నాడుల ద్వారా ఆజ్ఞ మూత్రపిండాల పైన టోపీల లాగా కూర్చున్న అధివృక్క గ్రంథులకు చేరుతుంది. అవి ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

ఎడ్రినలిన్ ఏం చేస్తుంది? గుండెను వేగంగా కొట్టిస్తుంది, ఎందుకంటే కాళ్ళకూ చేతులకూ ఎక్కువ రక్తం కావాలి. ఊపిరి వేగం పెరుగుతుంది, ఎందుకంటే కండరాలకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. కనుపాపలు పెద్దవవుతాయి. కాలేయంలోని గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. ముచ్చెమటలు పోసి ఒంటిని చల్లబరుస్తాయి. ఆ సమయంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కనుక జీర్ణక్రియ మందగిస్తుంది. అందుకే నోరు ఎండుతుంది, కడుపులో తిప్పినట్లవుతుంది. మొత్తం మీద శరీరం పోరాడడానికో, పారిపోవడానికో సిద్ధమవుతుందన్నమాట. ఈ సంగతిని అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ అనే శరీర ధర్మ శాస్త్రజ్ఞుడు 1915లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు.

కాని ఈ లక్షణాలు మన పెద్దలకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన అవస్థను ఎలా చెప్పుకున్నాడో గుర్తు చేసుకోండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయన్నాడు. నోరెండుతోంది, ఒళ్ళు వణుకుతోంది, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, గాండీవం చేతిలోనుండి జారుతోంది, మనసు గిర్రున తిరుగుతోంది అన్నాడు. ఈనాడు వైద్యుడు రాసుకునే లక్షణాల పట్టికకూ దానికీ పెద్ద తేడా లేదు. అంతటి వీరుడి శరీరం కూడా మన శరీరం లాంటిదే!

చేసి చూడండి

ఒక గడియారం దగ్గర పెట్టుకోండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, బొటనవేలు కింద మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కించి రాసుకోండి. ఇప్పుడు బడి మెట్లు రెండు నిమిషాలు ఎక్కి దిగి, వెంటనే మళ్ళీ లెక్కించండి. (ఉబ్బసం గాని గుండె జబ్బు గాని ఉన్నవాళ్ళు లెక్కించే పని మాత్రమే చేయండి.) ఎంత పెరిగింది? చెమట పట్టిందా? ఊపిరి వేగం పెరిగిందా?

ఇప్పుడు ఆలోచించండి. మెట్లెక్కినప్పుడు గుండె దడదడలాడితే మీరు భయపడలేదు. తరగతిలో పాఠం చదవమన్నప్పుడు కూడా అదే గుండె అలాగే కొట్టుకుంటుంది. ఐతే అప్పుడు మాత్రం "నాకేదో అయిపోతోంది" అనుకుంటాం. శరీరంలో జరిగేది దాదాపు ఒకటే, దానికి మనం చెప్పుకునే అర్థం వేరు. ఈ చిన్న విషయాన్ని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

కొంచెం భయం చదువుకు కూడా మంచిదే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఉత్తేజం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా కష్టమైన పని నేర్చుకోవడం కుంటుపడుతుందనీ, మధ్యస్థంగా ఉన్నప్పుడు బాగా సాగుతుందనీ చూపించారు. పదో తరగతి పరీక్షల ముందు కాస్త గుబులుగా ఉండడం రోగం కాదు. ఆ గుబులే మిమ్మల్ని పుస్తకం ముందు కూర్చోబెడుతుంది.

హద్దు ఎక్కడ?

మరి భయం ఎప్పుడు జబ్బు అవుతుంది? మా బనగానపల్లె మామిడి తోటల నుండి ఒక ఉదాహరణ చెబుతాను. బంగినపల్లి మామిడి పేరు మీకు కొత్త కాదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెట్లు పూత మీద ఉన్నప్పుడు తోట రైతుకు కంటి మీద కునుకుండదు. మంచు పడుతుందేమో, తేనెమంచు పురుగు పడుతుందేమో, గాలివానకు పిందె రాలుతుందేమో అని దిగులు. ఆ దిగులు చేతనే వేళకు తోటకు పోతాడు, మందు కొడతాడు, నీళ్ళు కడతాడు. కాయలు దిగి, డబ్బు చేతికి వచ్చాక హాయిగా నిద్రపోతాడు.

ఇంకొక రైతు ఉన్నాడనుకోండి. కాయలు అమ్ముడుపోయినా దిగులు తీరదు. డబ్బు పోతుందేమో, బిడ్డకు జ్వరం వస్తుందేమో, ఇంటి కప్పు కూలుతుందేమో, ఒకదాని వెనుక ఒకటి. నిద్ర లేదు, తిండి సయించదు, పని చేతకాదు. మొదటి రైతు దిగులు అతనిచేత పని చేయించింది. రెండో రైతు దిగులు అతన్ని పని చేసుకోనివ్వడం లేదు.

కనుక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: భయం అసలు ప్రమాదానికి తగినంతే ఉందా, దానికి మించి ఉందా? రెండు: కారణం పోయాక కూడా వారాలు, నెలల తరబడి నిలిచి ఉందా? మూడు: చదువు, ఆట, నిద్ర, స్నేహం వీటిని చెడగొడుతోందా? మూడింటికీ జవాబు ప్రతికూలంగా ఉంటే వైద్యుడి సలహా అవసరం.

ఎన్ని రకాలు?

1. ఒక్కదాని భయం: దీన్ని ఫోబియా అంటారు. కుక్క, ఎత్తు, చీకటి, ఉరుము, మూసి ఉన్న చోటు, ఇలా ఏదో ఒక్కదానికి విపరీతంగా భయపడడం. మా ప్రాంతపు పిల్లలు విహారయాత్రకు బేలుం గుహలకు వెళుతుంటారు. కొలిమిగుండ్ల మండలంలోని ఈ సున్నపురాతి గుహల పొడవు మూడు కిలోమీటర్లకు పైనే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గూర్చి రాశాడు. 1980ల మొదట్లో జర్మనీ నుండి వచ్చిన గుహాన్వేషకులు లోపలంతా తిరిగి పటం గీశారు. మెట్లు దిగి లోపలికి పోగానే ఉక్కపోతకు ఎవరికైనా చెమటలు పడతాయి. చాలామంది విసుక్కుంటూనే ముందుకు నడుస్తారు. కాని మూసి ఉన్న చోటంటే ఫోబియా ఉన్న పిల్లవాడు ఆ చెమటను చూసి "ఊపిరాడడం లేదు, చచ్చిపోతాను" అనుకుంటాడు. మెట్ల దగ్గర నుండే వెనక్కు పరుగెత్తుతాడు. కొందరైతే ఆ యాత్రకే రారు, ఏదో సాకు చెబుతారు.

వీటిలో ఒక విచిత్రమైన రకం ఉంది. రక్తం, సూది అంటే భయం. మిగతా భయాల్లో గుండె వేగం, రక్తపు పీడనం పెరుగుతాయి. ఇందులో మాత్రం మొదట కొద్దిగా పెరిగి, తర్వాత హఠాత్తుగా పడిపోతాయి. మెదడుకు రక్తం చాలక మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు. టీకాల రోజున బడిలో ఎవరో ఒకరు పడిపోవడం మీరు చూసే ఉంటారు. అలాంటివాళ్ళను పడుకోబెట్టి సూది వేయాలి. చేతుల, కాళ్ళ కండరాలను కొద్ది సెకన్లు బిగించి వదులుతూ ఉంటే రక్తపు పీడనం పడిపోకుండా ఉంటుంది. ఎగతాళి చేయకండి, అది శరీర ధర్మం.

2. నలుగురిలో భయం: సభాకంపం మీకు తెలిసిందే. మొదటిసారి వేదిక ఎక్కితే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. ఐతే కొందరికి నలుగురు చూస్తున్నారంటేనే ప్రాణసంకటం. తప్పు మాట్లాడతానేమో, నవ్వుతారేమో, నా చేయి వణకడం కనబడుతుందేమో అని. జవాబు తెలిసినా చేయెత్తరు. నల్లబల్ల దగ్గరకు రమ్మంటే కడుపునొప్పి వస్తుంది. మధ్యాహ్న భోజనం కూడా అందరి ముందు తినలేరు. ఈ జబ్బు చాలామందికి మీ వయసులోనే, అంటే పదీ పదిహేనేళ్ళ మధ్యనే, మొదలవుతుంది. సిగ్గరి పిల్లలందరికీ ఈ జబ్బు ఉన్నట్లు కాదు. సిగ్గరి కొత్త చోట కాసేపు మౌనంగా ఉండి తర్వాత కలిసిపోతాడు. జబ్బు ఉన్నవాడు రోజురోజుకూ దూరమైపోతాడు.

3. హఠాత్ భీతి: దీన్నే పానిక్ అంటారు. ఏ కారణమూ లేకుండా ఉన్నట్లుండి గుండె విపరీతంగా కొట్టుకుంటుంది, ఛాతీ బిగుస్తుంది, ఊపిరాడదు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇక చావే అనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో శిఖరానికి చేరి, అరగంట లోపల చాలామట్టుకు దానంతటదే తగ్గుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కడం ఎందుకో తెలుసా? గబగబా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో రక్తపు క్షారగుణం కొంచెం పెరిగి తిమ్మిరి, తల తిరుగుడు వస్తాయి. మనిషేమో అది చూసి ఇంకా భయపడి ఇంకా గబగబా ఊపిరి పీలుస్తాడు. భయం భయాన్ని పెంచే చక్రం ఇది.

మొదటిసారి ఇలా వచ్చినప్పుడు గుండె జబ్బేమోనని పరీక్ష చేయించడం మంచిదే. పరీక్షలో ఏమీ లేదని తేలినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది పానిక్ రుగ్మత కావచ్చు. కొందరు "బస్సులో వస్తే ఏం గతి? సంతలో వస్తే ఎవరు దిక్కు?" అని బస్సులూ సంతలూ మానేసి ఇల్లు కదలరు. ఈ బయటి చోట్ల భయానికి అగోరాఫోబియా అని పేరు. గ్రీకు భాషలో అగోరా అంటే జనం చేరే సంత మైదానం.

4. ఎడతెగని చింత: మన రెండో రైతు కథ ఇదే. ఫలానాదని లేకుండా అన్నింటి మీదా దిగులు, ఆరు నెలలకు మించి, దాదాపు ప్రతి రోజూ. మెడ, భుజాలు పట్టేస్తాయి, నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది, చదివింది తలకెక్కదు.

5. ఎడబాటు భయం: చిన్నపిల్లలు అమ్మను వదలక ఏడవడం సహజం. ఐదో తరగతిలో గురుకుల పాఠశాలకు వెళ్ళిన పిల్లవాడు మొదటి వారాల్లో ఇంటి మీద బెంగ పెట్టుకోవడం కూడా సహజమే. కాని నెలలు గడిచినా అమ్మానాన్నలకు ఏదో అవుతుందని రాత్రులు ఉలికిపడడం, ప్రతి ఉదయం తలనొప్పి, వాంతులు రావడం, సెలవు రోజున మాత్రం అవి లేకపోవడం ఈ జబ్బుకు గుర్తులు.

6. ఎంపిక మౌనం: ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెలల తరబడి నోరు విప్పదు. పెంకితనం అనుకుంటారు గాని భయంతో గొంతు పెగలదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు బడిలో చేరి, భాష రాక మౌనంగా ఉంటే అది జబ్బు కాదు. భాష వచ్చేదాకా ఓపిక పట్టాలి, అంతే.

చేతులు పదే పదే కడుక్కోవాలనిపించే జబ్బును, ఘోర ప్రమాదాల తర్వాత వచ్చే మానసిక గాయాన్ని కూడా పూర్వం ఈ వరుసలోనే చేర్చేవారు. 2013లో అమెరికా వైద్యులు తమ వర్గీకరణను సవరించినప్పుడు వాటిని వేరే తరగతులుగా విడదీశారు.

ఎందుకు వస్తాయి?

ఒక్క కారణం లేదు. కొంత వంశపారంపర్యం: తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. కొంత పుట్టుకతో వచ్చే స్వభావం. కొంత అనుభవం: కుక్క కరవడం, బడిలో అవమానం, ఇంట్లో గొడవలు, అప్పుల బాధ. ఇతరులను చూసి నేర్చుకునే భయాలూ ఉంటాయి. బల్లిని చూసి అమ్మ కెవ్వుమంటే పక్కనున్న పసిపిల్ల కూడా బల్లిని చూసి కెవ్వుమంటుంది.

కొన్నిసార్లు శరీరంలోని వేరే జబ్బు ఆందోళన వేషం వేసుకుని వస్తుంది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే గుండెదడ, వణుకు, చెమటలు వస్తాయి. రక్తహీనత వల్ల కూడా గుండెదడ వస్తుంది. అదే పనిగా కాఫీ, టీ తాగినా అంతే. అందుకే వైద్యుడు ముందు శరీరాన్ని పరీక్షిస్తాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 30 కోట్ల మందికి ఆందోళన రుగ్మతలున్నాయి. వారిలో 5 కోట్ల 80 లక్షల మంది పిల్లలు, కౌమార వయసు వాళ్ళు. మన దేశంలో 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలో, పరిశీలించిన 13 నుండి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి సుమారు ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. నలభై మంది ఉన్న తరగతికి ముగ్గురు పడతారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ "ఇలాంటిది నాకొక్కడికే ఉంది" అనుకుంటూ ఉంటారు!

పారిపోతే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు కీలకానికి వచ్చాం. ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డగీత మీద సమయం, నిలువు గీత మీద భయం సున్నా నుండి పది వరకు గుర్తించండి. బేలుం మెట్ల దగ్గర నిలబడిన పిల్లవాడి భయం మూడు, ఐదు, ఎనిమిది అని పెరుగుతూ పోతుంది. ఎనిమిది దగ్గర అతను పారిపోయాడు. గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది. హమ్మయ్య! ఎంత హాయి!

ఆ హాయిలోనే మోసం ఉంది. "పారిపోయాను కనుక బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఐదు దగ్గర నుండే మొదలవుతుంది. తర్వాత గుహ బొమ్మను చూసినా భయమే. ఆ తర్వాత చిన్న గదిలోనూ భయమే. పారిపోయిన ప్రతిసారీ మనం భయానికి మేత వేస్తున్నామన్నమాట.

పారిపోకుండా అక్కడే ఉంటే? భయం తొమ్మిదికి పోవచ్చు. కాని అది ఆకాశం దాకా పోదు. ఎడ్రినలిన్ పని కొద్దిసేపే. పరాసహానుభూత నాడులు గుండెను మెల్లగా శాంతింపజేస్తాయి. గీత గుట్ట లాగా వంగి ఆరు, నాలుగు, మూడు అని దిగుతుంది. "నేను ఉన్నాను, ఏమీ కాలేదు" అని మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. మరుసటి రోజు గుట్ట ఎత్తు కొంత తగ్గుతుంది.

మెట్టు మెట్టుగా చికిత్స

ఈ సూత్రంతో మొట్టమొదట చికిత్స చేసి చూపినవారిలో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మహిళ ఒకరు. పీటర్ అని ఆమె పేర్కొన్న ఒక పసివాడికి కుందేలంటే హడల్. ఆమె పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలోని కుందేలును దూరంగా ఉంచింది. రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చింది. చివరకు పిల్లవాడు కుందేలును ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. 1924లో ఆమె ఈ సంగతి ప్రకటించింది.

మన విరాటపర్వంలో ఉత్తరకుమారుడి కథ కూడా ఇలాగే ఆలోచించదగింది. అంతఃపురంలో ప్రగల్భాలు పలికిన ఉత్తరుడు కౌరవ సేనను చూడగానే రథం దిగి పరుగు లంకించుకున్నాడు. బృహన్నల వేషంలోని అర్జునుడు ఏం చేశాడు? ఇంటికి పారిపోనివ్వలేదు. అలాగని ఒంటరిగా యుద్ధంలోకి తోయనూ లేదు. ముందు జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దింపమన్నాడు. అక్కడా జడుసుకుంటే ధైర్యం చెప్పాడు. తర్వాత పగ్గాలు చేతికిచ్చి, తాను పక్కనే ఉన్నాడు. పారిపోయినవాడే సారథి అయ్యాడు.

నేటి మానసిక వైద్యులు, మనస్తత్వ నిపుణులు చేసేది ఈ దారిలోనే. రోగితో కలిసి భయాల నిచ్చెన ఒకటి తయారు చేస్తారు. నలుగురిలో భయం ఉన్న పిల్లకు మొదటి మెట్టు ఒక స్నేహితురాలికి పద్యం అప్పజెప్పడం కావచ్చు. రెండోది ఇద్దరి ముందు, మూడోది కూర్చున్న చోటనే తరగతికి ఒక వాక్యం చదవడం, ఆఖరిది ప్రార్థన సమయంలో వార్తలు చదవడం. ఒక మెట్టు మీద భయం సగమయ్యేదాకా ఉండి, అప్పుడు పై మెట్టు. దీంతో పాటు ఆలోచనలను పరీక్షించడం నేర్పుతారు. "అందరూ నవ్వుతారు" అన్నది నిజమా? పోయినసారి ఎంతమంది నవ్వారు? లెక్క చూద్దాం, అని. సైన్సులో మనం చేసేదీ ఇదే గదా, ఊహను పరిశీలనతో సరిచూడడం!

ఊపిరిని అదుపులో పెట్టుకోవడం కూడా సాయపడుతుంది. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు ఇలా చేసి నాడి లెక్కించి చూడండి.

జబ్బు తీవ్రంగా ఉంటే వైద్యులు మందులు కూడా ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. వైద్యుడు చెప్పకుండా వాటిని మొదలు పెట్టకూడదు, మధ్యలో మానకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళ నిద్రమాత్ర ఒకటి వేసుకుంటే సరి అనుకోవడం ప్రమాదం.

మనం ఏం చేయాలి?

ఇలాంటి పిల్లలను చూసి మనవాళ్ళు "జడుసుకున్నాడు", "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. ఇంటివాళ్ళకు అది ఊరట అయితే కానివ్వండి. కాని తాయెత్తు కట్టామని డాక్టరు దగ్గరకు వెళ్ళడం వాయిదా వేయకూడదు. ఇంకొందరు "నాటకాలాడుతున్నాడు, నాలుగు తగిలిస్తే సరి" అంటారు. అది మరీ నష్టం. కొడితే భయానికి ఇంకొక కారణం చేరుతుంది. ప్రతి ఉదయం కడుపునొప్పి అంటూ ఆగిపోయిన పిల్లవాడు మొదట వారానికి ఒకరోజు మానేస్తాడు. తర్వాత మూడు రోజులు. చివరికి హాజరు పట్టీలో అతని పేరు ఉండదు. తెలివి లేక కాదు, ఆ భయానికి ఒక పేరూ ఒక చికిత్సా ఉన్నాయని ఎవరూ చెప్పక.

చికిత్స కోసం మహానగరాలకే పోనక్కరలేదు. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇస్తే పల్లెల్లోనే మానసిక జబ్బులకు వైద్యం చేయవచ్చని నిరూపించారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అనే ఉచిత సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ స్నేహితుడికి పానిక్ వచ్చిందనుకోండి. చుట్టూ గుంపు కట్టకండి. పక్కన కూర్చుని "ఇది కాసేపట్లో తగ్గుతుంది, నేను ఇక్కడే ఉంటాను" అని మెల్లగా చెప్పండి. అతనితో పాటు మీరూ నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. టీచరును పిలవండి. మొదటిసారైతే, లేదా స్పృహ తప్పితే, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బల్లి అంటే భయపడే పిల్ల సంచిలో రబ్బరు బల్లిని వేయడం లాంటి వేళాకోళం ఎన్నడూ చేయకండి. మెట్టు మెట్టుగా ఎక్కించడం వైద్యం, ఒక్కసారిగా తోసేయడం హింస.

ఆ భయం మీకే ఉంటే? రాత్రులు ఒంటరిగా దాంతో పెనుగులాడుతూ ఉంటే, బతకాలనిపించనంత బాధగా ఉంటే, ఈ రోజే ఎవరితోనైనా చెప్పండి. అమ్మ, నాన్న, అక్క, అవ్వ, మీకు నచ్చిన టీచరు, ఎవరైనా సరే. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. జ్వరం వచ్చిందని చెప్పడానికి మనం సిగ్గుపడం గదా. దీనికీ సిగ్గు అక్కరలేదు. భయాల నిచ్చెనకు అదే మొదటి మెట్టు.